ఆ నల్ల గీత ఎక్కడ దాచారు, సోలరైజేషన్ గారూ?

మహారాజశ్రీ సోలరైజేషన్ గారి దివ్యసముఖానికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ క్షేమం అని రాసే వీలు తమరు ఉంచలేదు. ఫొటో డెవలపర్‌లో, అంటే బొమ్మను తేల్చే మందులో, ఉండగానే దాని మీద మళ్ళీ వెలుగు వేస్తే, కొంత మేర నలుపు తెలుపులు తారుమారై అంచున గీత పడే విద్యే కదా తమరు! నిన్న మధ్యాహ్నం ఇంకో ఫొటో పేపర్ పెట్టె తమ పాలైంది. ఎయిట్ బై టెన్, గ్లాసీ, గ్రేడ్ 4. ఈ రోజుల్లో అది దొరకడమే గగనం, ధర సంగతి ఎత్తకపోవడమే మర్యాద. బదులుగా తమరు ట్రేలో మిగిల్చింది గిన్నెలు కడిగిన నీళ్ళ రంగులో ఒక పట్టుచీర, అదే రంగులో ఒక ముఖం, రెండింటి మధ్య ఉందో లేదో తెలియని తెల్లటి మరక.

మేం కోరింది తెల్ల మరక కాదు, నల్ల గీత. ఫొటోగ్రాఫర్ మాన్ రే తన అసిస్టెంటూ మోడలూ అయిన లీ మిల్లర్‌ను పక్క నుంచి తీసిన ఫొటోలో నుదుటి మీంచి ముక్కు దిగి, పెదవుల దగ్గర వంపు తిరిగి, గడ్డం కింద సన్నబడే గీత.

తమ కీర్తికి ఒక ఎలుక కారణమట, సంతోషం. పారిస్‌లో మాన్ రే డార్క్‌రూమ్‌లో చీకట్లో తన పాదం మీంచి ఏదో పాకిందని, కెవ్వుమని లైటు వేశానని లీ మిల్లర్ చెప్పింది. అప్పటికి ట్యాంకులో దాదాపు పూర్తిగా డెవలప్ అయిన నెగెటివ్‌లు డజను దాకా ఉన్నాయి. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ ముందు తీసిన నగ్నచిత్రాలు. మాన్ రే వాటిని పారేయకుండా హైపోలో, అంటే బొమ్మను నిలిపే మందులో, వేశాడు. తమరేమో 1860లలోనే, సబాటియే అనే ఫ్రెంచాయన రాసిపెట్టిన నాటి నుంచీ పుస్తకాల్లో పడి ఉన్నవారు. మా దగ్గర మాత్రం ఎలుకలకు లోటా? కరెంటు పోయినప్పుడు ఏ స్విచ్చి వేసి ఉందో మరిచిపోయి, ప్రింటు డెవలపర్‌లో ఉండగా ట్యూబులైటు భగ్గున వెలిగిన స్టూడియోలు ఎన్ని లేవు! ఆ లెక్కన మా కరెంటువాళ్ళకు ఈపాటికి పారిస్‌లో ఎగ్జిబిషన్ పెట్టాలి. అన్నీ బకెట్‌లోకే పోయాయి.

మాన్ రే కూడా ఫ్యాషన్ ఫొటోల కోసం పుట్టినవాడేం కాదు. పెయింటర్. 1921లో అమెరికా నుంచి పారిస్ వచ్చాడు, పెయింటింగ్‌లతో పూట గడవక మరుసటి ఏడాది పాల్ పొవారే అనే ఫ్యాషన్ డిజైనర్ దుస్తులు ఫొటోలు తీశాడు. ఆ ప్రింట్లు వేస్తుండగా ఎక్స్‌పోజ్ కాని పేపర్ ఒకటి పొరపాటున ట్రేలో పడింది. దాని మీద గాజు గరాటా, కొలపాత్ర, థర్మామీటర్ పెట్టి లైటు వేస్తే, కెమెరా లేకుండానే వస్తువుల నీడలతో పడే బొమ్మ, రేయోగ్రాఫ్ పుట్టింది. ఆయన పొరపాట్లన్నీ మ్యూజియంలకు వెళ్ళాయి. మావి ఎక్కడికి వెళ్తాయో తమకు తెలుసు.

సరే, అసలు విషయానికి వస్తాం. తమ గురించి రాసే ప్రతివాళ్ళూ పైన మాన్ రే ఫొటో వేస్తారు, కింద పేపర్ మీద చేసే పద్ధతి రాస్తారు. ప్రింటును మూడో వంతు డెవలప్ చెయ్యి. ట్రే ఊపడం ఆపు. 10 సెకన్లు అడుగున కుదురుకోనివ్వు. 4 అడుగుల ఎత్తున 15 వాట్ల బల్బు ఒక్క సెకను వెలిగించు. మిగతా టైమంతా కదపకు. అక్షరం పొల్లుపోకుండా చేస్తాం. వచ్చేది తెల్ల గీత! రాక ఏమవుతుంది? ఫొటోలో నలుపంటే వెండి, గీత అంటేనే ఆ వెండి పడని చోటు. మొదటి వెలుగు బాగా తగిలిన భాగం డెవలప్ అవుతుంటే అక్కడి నుంచి బ్రోమైడ్ ఊరుతుంది. రెండో వెలుగు తగిలాక పక్కనున్న ఖాళీ భాగం కూడా నల్లబడటం మొదలుపెడుతుంది. రెండింటి సరిహద్దులో పోగైన బ్రోమైడ్ అక్కడ డెవలపర్‌ను పనిచేయనివ్వదు. ఆ వెంట్రుకవాసి మేర ఖాళీగా మిగిలిపోతుంది. పేపర్ మీద ఖాళీ అంటే తెలుపు. అదే ఖాళీ నెగెటివ్ మీద ఉంటే, ప్రింటు వేసినప్పుడు నలుపు. మాన్ రే గీత నల్లగా ఉన్నది పని నెగెటివ్ మీద జరిగింది కాబట్టి. ఈ ఒక్క ముక్క ఫొటో కింద రాయడానికి ఎవరి సొమ్ము పోయింది? ఆ వాక్యం లేకపోబట్టి ఎంతమంది ఎన్ని పెట్టెల పేపర్ తగలేశారో మీకేమైనా లెక్కుందా?

నెగెటివ్ మీదే చెయ్యొచ్చుగా అంటారు మీరు. చెయ్యొచ్చు. కానీ అది ఒక్కటే ఉంటుంది. ఇప్పటి ఫిల్ము ఎర్ర వెలుగుకు కూడా లొంగుతుంది కాబట్టి కటిక చీకట్లో, లెక్క మీదే లైటు వేయాలి. వెలుగు ఎక్కువైతే షీటంతా నలుపు, తక్కువైతే మామూలు నెగెటివ్ మీద కాస్త పొగ. మోడల్‌ను మళ్ళీ పిలిచి, ఆ చీరకు మళ్ళీ అవే కుచ్చిళ్ళు పెట్టించి, అదే చూపు చూడమనాలా?

దారి ఉంది, మీరు చెప్పలేదు. అసలు నెగెటివ్‌ను పాడుచేయకుండా ఆర్థో షీటు (ఎర్ర వెలుగుకు చలించని ఫిల్ము) మీద కాంటాక్ట్ కాపీ, అంటే రెండూ ఆనించి లైటు వేసి కాపీ, తీయాలి. అది పాజిటివ్ అవుతుంది. దాన్ని ఇంకో ఆర్థో షీటు మీద కాంటాక్ట్ చేస్తే మళ్ళీ నెగెటివ్. లైటు వేయాల్సింది ఈ రెండో షీటుకే. తొందరపడి మొదటి షీటుకు వేస్తే గీత రెండుసార్లు తిరగబడి, ప్రింటులో మళ్ళీ ఆ దిక్కుమాలిన తెలుపే ప్రత్యక్షమవుతుంది. పేపర్ డెవలపర్‌ను మామూలు కంటే బాగా పలచన చేస్తేనే ఆర్థో షీటు నలుపు, తెలుపులకే పరిమితం కాకుండా మధ్య ఛాయలు ఇస్తుంది. జీరో వాట్ ఎర్ర బల్బును నమ్మేముందు షీటు మీద రూపాయి బిళ్ళ పెట్టి, బల్బు కింద 5 నిమిషాలు ఉంచి డెవలప్ చేయాలి. బిళ్ళ ఆకారం కనిపిస్తే బల్బు దొంగదే. చివరి నెగెటివ్ చప్పగా వస్తుంది, నలుపు తెలుపుల తేడా పెంచే గట్టి గ్రేడ్ పేపర్ మీదే అది నిలబడుతుంది.

ట్రే ఊపకూడదన్న సంగతి మాత్రం అందరూ రాస్తారు, ఎందుకో రాయరు. ఊపితే సరిహద్దులో చేరిన బ్రోమైడ్ కొట్టుకుపోతుంది, గీతా దానితోనే పోతుంది. కొందరు డెవలపర్‌లోంచి తీసి కడిగి ఎన్‌లార్జర్ (బొమ్మను పెద్దది చేసే యంత్రం) కింద వెలుగు ఇస్తారు. గాజు పలక మీద పరిచి రబ్బరుతో తుడవకపోతే ఒక్కో నీటిబొట్టూ ఒక్కో కటకమై బుగ్గ నిండా మచ్చలు.

ఇక మా ఎండలు. పుస్తకాల్లో డెవలపర్ 20 డిగ్రీలు. ఏప్రిల్‌లో మా కుళాయి నీళ్ళే 32. బొమ్మ కొన్ని సెకన్లలో ఎగిసి వస్తే మూడో వంతు ఎక్కడో ఎవడికి తెలుసు? మంచుముక్కలు డెవలపర్‌లో వేస్తే పలచబడుతుంది. ట్రేను మంచునీళ్ళున్న పెద్ద ట్రేలో కూర్చోబెట్టాలి.

ఫోన్‌లో నీ పేరు పెట్టుకుని తిరిగే ఫిల్టర్ ఒకటుంది, చూశావా? 255లో 128 దాటిన ప్రతి పిక్సెల్‌నూ తిరగేస్తుంది. పక్క పిక్సెల్ ఏమైందో దానికి అక్కర్లేదు, ఇక సరిహద్దేమిటి, గీతేమిటి? నీ పరువు, నీ ఇష్టం.

ఫ్యాషన్‌కు నువ్వు చేసిన ద్రోహం వేరే. పత్రికకు కావలసింది బట్ట. తెల్ల శాటిన్ నెగెటివ్ మీద ముందే చిక్కగా ఉంటుంది కాబట్టి నీ దెబ్బకు తట్టుకుంటుంది. నల్ల వెల్వెట్ ఉన్నచోట నెగెటివ్ ఖాళీ, నీ వెలుగంతా అక్కడే దిగుతుంది. అమ్మేది నల్ల గౌను, అచ్చయ్యేది బూడిద గౌను. ఆ కాలం ఫ్యాషన్‌కు పెయింటర్ అంటే ఎంత గౌరవమో చెప్పాలంటే, మాన్ రే రెండేళ్ళు కష్టపడి వేసిన రెండున్నర మీటర్ల పెదవుల పెయింటింగ్ 1936లో హార్పర్స్ బజార్‌లో ఒక బీచ్ కోటుకు వెనక తెరగా పనికొచ్చింది. అయితే కుంచెతో రాని డబ్బు కెమెరాతో సంపాదించినవాడికి, కెమెరాలోంచే మళ్ళీ ఒక గీత గీసే అవకాశం ఇచ్చింది నువ్వే. కాదనం. భుజం అంచున, స్లీవు మడత దగ్గర నువ్వు సరిగ్గా పడ్డప్పుడు బట్ట ఎక్కడ ఆగిందో ఏ కుట్టుపనివాడూ అంత తేటగా చూపించలేడు. అదే కదా మా ఖర్మ. ఒక్కసారి సరిగ్గా వస్తావు, పది పెట్టెలకు ఆశ పెడతావు.

రెండో షీటు సిద్ధంగా ఉంది. ట్రే ఊపకుండా చెయ్యి ఆపుకోలేని అసిస్టెంటు కుర్రాణ్ణి కాసేపు టీకి పంపిస్తాం. నలుపే రావాలి. తెలుపు తెచ్చావో, నీ కోసం కొన్న ఆ 15 వాట్ల బల్బు తీసుకెళ్ళి మెట్ల దగ్గర బిగించేస్తాం.

ఇట్లు,
గోళ్ళకు డెవలపర్ మరకలు వదలని ఒక ప్రింటరు