మా ఇంటి విద్యా పద్దు

పండగ భోజనాలయ్యాక మా బావమరిదికీ నాకూ వాదించుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. 2025 ఉగాదికి దొరికిన విషయం: దేశం చదువు మీద ఎంత ఖర్చు పెడుతోంది?

జాతీయాదాయంలో 6 శాతం పెట్టాలని, చదువుల తీరు చూడ్డానికి ప్రభుత్వం వేసిన కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం కూడా జీడీపీలో అదే 6 దగ్గరే నిలబడింది. ఇంతవరకు మా ఇద్దరిదీ ఒకే మాట. పెడుతున్నది ఎంత అన్న దగ్గరే తేడా వచ్చింది. 2017-18కి 4.43 శాతమని విద్యా విధానం డాక్యుమెంటునే ఫోన్లో తెరిచి చూపించాడు వాడు. అదే ఏడాదికి 2.8 అంటున్న ఆర్థిక సర్వేని నేను తీశాను. రెండూ ప్రభుత్వం అచ్చేసినవే. విద్యాశాఖ ఖర్చుకి మిగతా శాఖలు చదువుకని పెట్టింది కూడా కలుపుతారా లేదా అన్నదాన్ని బట్టి అంకె లావవుతుంది, సన్నబడుతుంది. "తన ఖర్చు తనకే తెలియని దేశం ఏం బాగుపడుతుంది" అని తీర్పు చెప్పి ఆ రోజు పులిహోర ఇంకోసారి వడ్డించుకున్నాను.

మే నెలలో ఓ మధ్యాహ్నం గొడుగు, ట్యాబ్ పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. జాతీయ నమూనా సర్వే వాళ్ల విద్యా సర్వేకి మా ఇల్లు తగిలిందట. నాకు ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లూ లెక్కల్ని విమర్శించినవాణ్ణి, ఇప్పుడు నేనే లెక్కనయ్యాను. కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాను.

"మీ బాబు చదువుకి ఈ విద్యా సంవత్సరం ఎంతయింది సార్?"

"రాసుకోండి. ఫీజు 48 వేలు, బస్సు 14 వేలు, పుస్తకాలు, యూనిఫారం 9,500. ఎక్స్‌కర్షన్ 4,500. మొత్తం 76 వేలు." కాగితం చూడకుండా చెప్పానని గమనించాడో లేదోనని వాడి మొహం చూశాను. వాడు ట్యాబే చూస్తున్నాడు.

"ఎక్స్‌కర్షనా? నేను వెళ్లలేదుగా నాన్నా" అన్నాడు మావాడు, మంచం మీద నుంచి, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

బడ్జెట్ పుస్తకాల్లో ముందు అంచనా వస్తుంది, తర్వాత సవరించిన అంచనా, అసలు ఖర్చు తేలేసరికి రెండేళ్లు పడుతుంది. మా ఇంట్లో అర నిమిషం పట్టింది.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "అరకు ట్రిప్పుకని డిసెంబర్లో నా దగ్గర తీసుకున్నారు కదండీ 4,500?"

"అదీ... బండి రిపేరుకి పోయింది."

బండికి పోలేదు. మా బావమరిది చేబదులు తీసుకుని, అక్కకి చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. 4.43 అని నాతో వాదించినవాడే.

"బండి రిపేరు విద్య కింద రాయమంటారా సార్?" అని కుర్రాడు అమాయకంగా అడిగాడు. 'ఆ బండి మీదే కదా పిల్లాణ్ణి ట్యూషన్‌కి దింపేది' అనబోయి, మా ఆవిడ మొహం చూసి మానుకున్నాను. కుర్రాడు లెక్కలోంచి ఆ 4,500 తీసేశాడు.

నేను పరువు దక్కించుకోవాలి కదా. "ఫీజు రసీదు చూపించు, కనీసం అదైనా కరెక్టని తేలుతుంది" అన్నాను. మా ఇంట్లో రసీదులు పాత పట్టుచీర అట్టపెట్టెలో ఉంటాయి. తెచ్చే ఉత్సాహం ఆవిడలో కనపడలేదు. నేనే బీరువా మీద నుంచి దింపాను. కరెంటు బిల్లులు, టీవీ వారంటీ కార్డు, వాటి కింద స్కూలు రసీదు. 45 వేలు. నేనిచ్చింది 48.

"బతిమాలి తగ్గించుకొచ్చాను. ఆ మూడు వేలు చీటీలో వేశాను. తప్పా?" అంది. తప్పని ఎవరంటారు? అసలే 4,500 ముద్దాయిని.

కుర్రాడు 48ని 45 చేసి, "ట్యూషన్ ఏమైనా ఉందా?" అన్నాడు. లేదని ఇద్దరం ఒకేసారి చెప్పాం. మా ఇంట్లో అదొక్కటే ఏకాభిప్రాయం.

"ఎందుకు లేదురా! లెక్కల మాస్టారికి నెలకి 800 నేనివ్వట్లేదూ, నా పెన్షన్లోంచి?" అంది మా అమ్మ, వరండాలోంచి. పది నెలలు, 8 వేలు. నేను రోజూ బండి మీద దింపి వస్తున్న ట్యూషన్ స్కూలువాళ్లదని, ఫీజులో కలిసే ఉందని ఏడాదిగా అనుకుంటున్నాను. ఇతర శాఖల ఖర్చు అంటే ఏమిటో నాకు అప్పుడు బాగా అర్థమైంది.

మొత్తం కూడితే 76,500. నేను మొదట చెప్పినదానికి 500 తేడా. "చూశారా, దాదాపు కరెక్టే చెప్పాను" అన్నాను. కుర్రాడు ఏమీ అనలేదు. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, గొడుగు తీసుకుని పక్కింటికి వెళ్లాడు. చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదని వాడికీ తెలుసు: ఫీజు తప్పు, ఎక్స్‌కర్షన్ తప్పు, ట్యూషన్ తప్పు, మొత్తం మాత్రం ఒప్పు.

ఆగస్టు చివర్లో ఫలితాలు పేపర్లో వచ్చాయి. దేశమంతా 52,085 ఇళ్లు తిరిగారట. సగటున ఒక్కో విద్యార్థికి ప్రభుత్వ బడిలో అయితే 2,863 రూపాయలు, మిగతా బడుల్లో 25,002. ఆ చివరి 2 రూపాయల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మా ఇంట్లో వేలు దొరకడానికే పట్టుచీర పెట్టె దింపాల్సి వచ్చింది.

ఇంతలో బావమరిది ఫోన్. "పేపర్ చూశావా బావా? ఈ అంకెల్ని నమ్మొచ్చంటావా?"

ముందు నా 4,500 సంగతి చెప్పమన్నాను. సిగ్నల్ సరిగా లేదన్నాడు.