దొరికింది ఒక చీర, పోయేది ఒక బతుకు

సంక్రాంతి ముందు రాజమండ్రి మెయిన్ రోడ్డులో కాలు పెట్టే చోటుండదు. కోనసీమ నుంచి, ఇటు కొవ్వూరు, నిడదవోలు నుంచి జనం బట్టలకు వస్తారు. ఆ రద్దీలో ఎవరో ఒకరు బిల్లు కట్టని చీర సంచిలో పెట్టుకుని గుమ్మం దగ్గర దొరుకుతారు. పోలీసులు వచ్చేలోపే సీసీ కెమెరా వీడియో వాట్సాప్ గ్రూపులకు ఎక్కేస్తుంది.

షాపు వాళ్ల బాధ నాకు తెలియంది కాదు. సరుకు లెక్క తగ్గితే సేల్స్ అమ్మాయిల జీతంలో కోసేవాళ్లూ ఉన్నారు. కాబట్టి చీర గానీ దాని డబ్బు గానీ తిరిగి రావాల్సిందే.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా ముందు అడిగేది అదే. సొత్తు విలువ రూ.5,000 లోపు ఉండి, మొదటిసారి దోషిగా తేలినవారు దాన్ని తిరిగి ఇచ్చేస్తే సెక్షన్ 303(2) కింద జైలు ఉండదు, సామాజిక సేవే శిక్ష. దీనికి ముందున్న పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) సెక్షన్ 379 కింద అయితే అయిదొందల చీరకైనా మూడేళ్ల దాకా జైలు వేసే వీలుండేది.

అయితే స్టేషన్‌లో ఏ సెక్షన్ రాస్తారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. సొత్తు భద్రపరిచే భవనంలో దొంగతనానికి 305 ఉంది. దాని కింద ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. షాపును కూడా అలాంటి భవనం కిందే లెక్కేస్తే అయిదు వేల వెసులుబాటు పోయినట్టే, ఎందుకంటే అది 305లో లేదు. చివరి అంకె మూడు బదులు అయిదు పడితే ఒక మనిషి జీవితం తారుమారవుతుంది. ఇలాంటి చిన్న కేసుల్లో 303 దాటి వెళ్లకూడదని పోలీసులకు స్పష్టమైన ఆదేశం ఉండాలి.

ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. సామాజిక సేవ కూడా శిక్షే, అంటే దోషి అన్న ముద్ర అలాగే ఉంటుంది. అదే 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద కోర్టు మందలించి గానీ, మంచి నడతకు బాండు రాయించుకుని గానీ వదిలేస్తే, ఆ నేర నిర్ధారణ వల్ల వచ్చే అనర్హత వర్తించదని సెక్షన్ 12 చెబుతోంది. ఇది మన డెల్టాకు చాలా ముఖ్యం. కోనసీమలో ఎన్నో ఇళ్లు ఆడవాళ్లు కువైట్ నుంచి పంపే డబ్బుతోనే నిలబడ్డాయి. అక్కడ పనికి వీసా కావాలంటే పోలీస్ క్లియరెన్స్, అంటే నేర చరిత్ర లేదన్న పత్రం, తప్పనిసరి. మొదటి తప్పుకు ఆ దారి మూసేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. లాయర్లు ముందుగా ప్రొబేషన్ అడగాలి.

సేవే వేస్తే అది ఏ పని అన్నది మేజిస్ట్రేటు చేతిలో ఉంటుంది. సమాజానికి ఉపయోగపడాలి, కూలి ఇవ్వరు, చట్టం చెప్పేది ఇంతే. కాలవల్లో గుర్రపుడెక్క తీయించొచ్చు, పుష్కర ఘాట్ కడిగించొచ్చు, ఆస్పత్రిలో ఓపీ చీటీలు రాయించొచ్చు. కానీ సొంత ఊరి సెంటర్లో చీపురు పట్టించి ఫొటోలు తీస్తే ఆ మనిషి మళ్లీ ఇల్లు దాటి బయటికి రాలేని పరిస్థితి వస్తుంది. పని పక్క మండలంలో ఇవ్వాలి. ఫొటోలు తీయకూడదని ఉత్తర్వులోనే రాయాలి. షాపు కెమెరా వీడియో పోలీసులకు, కోర్టుకు తప్ప ఇంకెవరి ఫోనుకూ వెళ్లకూడదు.