30 ఫీట్ల మోటార్‌హోమ్ దొరవారికి బహిరంగ లేఖ

దొరా, దండాలు.

నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ దిక్కు నుంచి ఎండాకాలం రాంగనే అమెరికాల పిల్లల దగ్గరికి పోయే అమ్మానాయినలు, వాళ్లకు వాట్సాప్‌ల ప్లాన్లు గీసి పంపే మామలు, బావలు అందరు కలిసి, వంటిల్లు, పడక, లెట్రిన్ అన్ని మోసుకోని తిరిగే అద్దె బండివైన నీకు రాసుకుంటున్న లేఖ ఇది. నీ బొమ్మ కింద ఏమని రాసుకుంటవు? ‘ఎక్కడ పొద్దుగూకితే అక్కడనే ఇల్లు.’ ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్, గ్లేసియర్ నేషనల్ పార్కులు చుట్టొద్దామని జులైకి నిన్ను మాట్లాడుకున్నంక ఎరుకైతది, పొద్దు యాడ గూకాలెనో జనవరిలనే రాసియ్యాలె అని.

పార్కుల లోపల చాన క్యాంపు జాగల ఆన్‌లైన్ బుకింగ్ ఆరు నెలల ముందు అదే తారీఖుకు తెరుస్తరు. వాళ్ల తూర్పు టైమ్ పొద్దున 10 గంటలకు. అంటే మనకు రాత్రి 8:30. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం జరిపినంక 7:30. జులై 15కు జాగ కావాలంటే జనవరి 15 రాత్రి 8:30కి వేలు మౌస్ మీద ఉండాలె. అప్పుడు పిల్లగాడు ఆఫీస్ మీటింగ్‌ల ఉంటడు గనుక ఇక్కడ నాయిన సీరియల్ బంద్ పెట్టించి కూసుంటడు. లాగిన్ ముందే కావాలె, కార్డు ముందే ఎక్కించాలె, నీ పొడుగు అబద్ధం లేకుండ కొట్టాలె. 25 ఫీట్ల జాగ పట్టుకోని నిన్ను తోలుకపోతే నీ మూతి రోడ్డు మీదనే ఉంటది. ఎల్లోస్టోన్‌ల ఫిషింగ్ బ్రిడ్జి లాంటి పెద్ద క్యాంపుల ముచ్చట వేరు, వాటి బుకింగ్ ఏడాది కంటె ముందే మొదలైతది. ఆ పార్కు మొత్తంల నీళ్లు, కరెంటు, మోరీ మూడు కనెక్షన్లు దొరికేది ఫిషింగ్ బ్రిడ్జి ఒక్క దగ్గరనే. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి గుడ్డ గోడల బండ్లను రానియ్యరు. నీ రేకుకు విలువున్నది అక్కడనే.

ఇగ నీ పొడుగు. గ్లేసియర్‌కు పోయేది గోయింగ్-టు-ద-సన్ రోడ్డు చూడనీకే కదా. ఆ రోడ్డు మీద అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ దాక 21 ఫీట్ల పొడుగు, అద్దాలతో కలిపి 8 ఫీట్ల వెడల్పు దాటిన బండికి అడుగు పెట్టే హక్కు లేదు, 10 ఫీట్ల ఎత్తు దాటితే పైకి పొడుచుకొచ్చిన రాళ్లతోని తిప్పలు. నువ్వు మూడింటికి మూడు తప్పుతవు. ఒక్క దిక్కు నుంచి ఇంకో దిక్కుకు పోవాలంటె నిన్ను రెండో నంబరు హైవే మీద మరియాస్ కనుమ దాటించి, బ్రౌనింగ్ దాక తీసుకపోయి, అక్కడ ఉత్తరానికి తిప్పాలె. మధ్యల కురచ దారి ఒకటి మ్యాపుల కనిపిస్తది, దాని మీద కూడ 21 ఫీట్ల బోర్డే. గ్రాండ్ టీటన్‌ల మూస్-విల్సన్ రోడ్డు మీద మోటార్‌హోమ్ పేరెత్తితేనే వద్దంటరు. ఫోన్ల ఉన్న మామూలు మ్యాపుకు నీ ఎత్తు, పొడుగు తెల్వవు. అది నిన్ను కారనుకొని ఏ సందులకైనా తోలుతది. మన్ననూరు చెక్‌పోస్టు కాడ రాత్రి 9 కొట్టంగనే గేటు పడ్తదని శ్రీశైలం పోయేటోళ్లకు ఎరుకే. అడివికి దాని కట్టుబాట్లు దానికుంటయి. మా గుస్స అడివి మీద కాదు.

వంటింటి సంగతికొద్దాం. ఇంటి నుంచి సూట్‌కేసుల పెట్టుకొచ్చిన మిక్సీ 230 వోల్టులది, నీ గోడల వచ్చేది 120. తిరగనైతే తిరుగుతది, పల్లీలు మాత్రం నలగయి. అక్కడి కరెంటుకు సరిపోయే మిక్సీ అక్కడి మన దుకాణాల్ల కొనాలె, లేకుంటె కారప్పొడి, పల్లిపొడి ఇంట్లనే కొట్టించుకపోవాలె. నీ 30 ఆంప్స్ ప్లగ్గుకు మొత్తం 3600 వాట్లు. ఏసీకి 1500, మైక్రోవేవ్‌కు ఇంకో 1500, అప్పుడే ఎవరో చాయ్ కెటిల్ పెడ్తరు, ఠక్కున బ్రేకర్ పడ్తది. గ్లేసియర్ లోపలి క్యాంపుల్ల ఆ ప్లగ్గు కూడ ఉండదు. జనరేటర్‌కేమో రాత్రి పూట అనుమతి లేదు, పైగా డీజిల్, పెట్రోల్ పావు ట్యాంకుకు దిగితే అది తనంతట తనే ఆగిపోతది. జులైల కూడ ఎల్లోస్టోన్ సరస్సు కాడ రాత్రి ఐదు డిగ్రీల దగ్గరికి దిగుతది. హీటర్ గ్యాస్ మీద నడిచినా దాని ఫ్యాన్ బ్యాటరీని తాగుతది, తెల్లారేసరికి లైట్లు గుడ్డిగైతయి.

ఫిషింగ్ బ్రిడ్జి ఎత్తు 7,700 ఫీట్ల పైన. అక్కడ నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతయి. గిన్నెల కందిపప్పు గంట సేపు కుతకుతమన్నా బద్ద బద్దగనే ఉంటది. కుక్కర్ తప్పదు, ఇంట్ల పెట్టే విజిళ్ల మీద ఒకటో రెండో ఎక్కువ. తాలింపు పెట్టేముందు నెత్తి మీది కిటికీ తెరిచి ఫ్యాన్ వెయ్యకుంటె పొగ అలారం క్యాంపు మొత్తానికి పిలుపు పంపుతది. పప్పు కడిగిన నీళ్లు బయట పారబోసుడు లేదు, ఆవకాయ సీసా బల్ల మీద మర్చిపోవుడు లేదు. ఎలుగుబంటికి ముక్కుంటది.

వెట్టిచాకిరి మీద కొట్లాడిన జిల్లా మాది. అయినా నీ ముందట మోకాళ్ల మీద కూసోని నీ మురికి ఎత్తిపోస్తున్నం చూడు, అది గొప్ప. నల్ల ట్యాంకు, అంటే లెట్రిన్‌ది, సుమారు 110 లీటర్లు. మనోళ్లు చెంబు లేనిదే కూసోరు. చెంబు, ఫ్లష్ కలిపి ఒక్కసారికి రెండు లీటర్లనుకో, ఐదుగురు, మనిషికి ఐదుసార్లు. రోజుకు 50 లీటర్లు, రెండ్రోజులకు ట్యాంకు నిండింది. అట్లని చెంబు తప్పు కాదు. నీళ్లెక్కువ పోతేనే గట్టిది కరుగుతది. మోరీ కనెక్షన్ ఉన్నది కదా అని నల్ల వాల్వు తెరిచిపెట్టినోళ్లకు తెలుస్తది: నీళ్లన్ని జారిపోయి గట్టిది అడుగున కుప్పవడి బిగుసుకుంటది. అందుకే వాల్వు మూసి, మూడింట రెండు వంతులు నిండినంకనే గుంజాలె. నిండిందా లేదా అన్నది నీ గోడ మీది లైట్లను అడగొద్దు. లోపల కడ్డీకి కాగితం అంటుకున్నదంటె ఖాళీ ట్యాంకు కూడ ‘ఫుల్’ అంటది.

డంపు కాడ, అంటే ట్యాంకులు ఖాళీ చేసే చోట, మూడంగుళాల పైపు మోరీల దిగేసి గట్టిగ బిగించి, ఇటు కొసకు లోపల కనిపించే ప్లాస్టిక్ ఎల్బో (వంపు ముక్క) పెట్టాలె. బండి మూత విప్పే ముందు రెండు వాల్వులు, నల్ల ట్యాంకుది, స్నానాల-గిన్నెల నీళ్ల ట్యాంకుది, మూసున్నయా అని చెయ్యి పెట్టి చూడు. సగం మూసిన వాల్వు బూట్ల మీద తీర్పిస్తది. ముందుగాల నల్లది గుంజాలె. గడగడమని పారి, ఎల్బోల పారుడు ఆగేదాక నిలవడాలె. దాన్ని మూసినంక స్నానాల, గిన్నెల నీళ్లు వదిలితే అవే పైపును కడుగుతయి. వరుస తిరగేస్తే ఆ పైపు నీతోనే ప్రయాణం చేస్తది. తాగునీళ్ల పైపు, మోరీ పైపు ఒక్క డబ్బల పెట్టినోళ్లకు మా నమస్కారం, వాళ్లింట్ల మేం చాయ్ తాగం.

ఘాట్ల గురించి ఒక్క మాట. జాక్సన్ దగ్గరి టీటన్ కనుమ 10 శాతం వాలు. దోమలపెంట ఘాట్ల లారీ తోలినోళ్లను అడిగితే చెప్తరు, ఎక్కిన గేర్లనే దిగాలె. బ్రేకు మీద కాలు పెట్టి కూసుంటే అది కాగి కాగి చివరికి పట్టదు. ఐడహో దిక్కు నుంచి వస్తే స్వాన్ వ్యాలీ, ఆల్పైన్ మీదుగ చుట్టు తిరిగి రావుడే నయం.

లీటరుకు నాలుగు కిలోమీటర్లిస్తే ఎక్కువ అనిపించే నిన్ను ఈ ఏడు వద్దనుకుంటున్నం. నీ 24 ఫీట్ల తమ్ముణ్ణి పంపు. వాడు దొరికే జాగలెక్కువ. వాడు కూడ సన్ రోడ్డు మీదికి పోలేడు, కనుక వాణ్ణి క్యాంపుల కట్టేసి, పై గుడ్డ చుట్టేసే 1930ల నాటి ఎర్రబస్సులకు టికెట్లు తీసుకుంటం. ఆ రోడ్డు మీది లోగన్ కనుమకు ఎర్రబస్సెక్కి పోయినమని మేం ఊర్ల చెప్పుకుంటే నవ్వేటోళ్లు నవ్వనీ.

ఇట్లు,
నీ కొలతలు కంఠతా పట్టిన నల్లగొండ జిల్లా జనం

తా.క.: పన్నెండు ఫీట్ల నెత్తి మీద ఏసీ పెట్టుకోని పెట్రోల్ బంకు కప్పు కిందికి దూరుతవు గని, అద్దె కాగితంల నెత్తికి తగిలిన దెబ్బ ఇన్సూరెన్స్‌లకు రాదని చిన్న అక్షరాల్ల ఎందుకు రాస్తవు? తమ్మునికి కూడ అదే కాగితమైతే ముందే చెప్పు.