ఇల్లాలి నీరసానికి కారణం వెతకరాదు

పొద్దున లేస్తూనే ఒళ్ళు బరువు, మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి కళ్ళు మూతలు. ఏడాదిగా ఇదే వరస అయినా సరే, ఇల్లాలి నీరసానికి అసలు కారణం కనిపెట్టడం సంసారాలకు క్షేమం కాదని మనవి. రెడీమేడ్ కారణాలు మనకేం తక్కువ? దిష్టి ఉంది, ఫోనుంది, వయసుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఇంతమందికీ దిష్టి తీయాలంటే గుంటూరు యార్డులో ఎన్ని టిక్కీల (బస్తాల) మిర్చి కావాలో ప్రభుత్వం ఆలోచించుకోవాలి.

పరీక్షలు తప్పవంటే 80 రకాల ఫుల్ బాడీ ప్యాకేజీ శ్రేష్ఠం. నార్మల్ రేంజి అంటే ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది పడే హద్దు. అంటే ఏ జబ్బూ లేకపోయినా 80లో సుమారు నాలుగు ఎర్రగా వస్తాయి. వాటి వెంట హాయిగా ఆర్నెల్లు తిరగొచ్చు.

ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష మాత్రం అడక్కండి. హిమోగ్లోబిన్ 12.1 ఉంటే 'అంతా బాగుందమ్మా' అనిపించుకుని వచ్చేయాలి. హిమోగ్లోబిన్ కుండలో అన్నమైతే ఫెర్రిటిన్ గాదెలో గింజలు. గాదె అడుగంటినా కొన్నాళ్ళు కుండ నిండుతూనే ఉంటుంది. ఫెర్రిటిన్ 15 లోపుంటే గాదె ఖాళీ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే ఆ అంకె ఉత్తుత్తినే పెరుగుతుంది కనుక, తీయిస్తే జ్వరం రోజునే తీయించండి.

ఖర్మకాలి ఐరన్ మాత్ర రాశారా? టీతో మింగించండి, టానిన్లు ఇనుమును పేగులోనే పట్టేస్తాయి. పక్కన కాల్షియం మాత్ర ఉంటే మరీ మంచిది. నిమ్మరసం మాత్రం దగ్గరికి రానివ్వకండి, ఇనుము ఒంటికి పడుతుంది. విరేచనం నల్లగా అయిందని పదోరోజే ఆపించేయండి. ఈ మాత్రకది మామూలే, గాదె నిండాలంటే హిమోగ్లోబిన్ సరయ్యాక కూడా మూడు నెలలు వాడాలి, అయితేనేం? అసలు ఇనుము ఎటు పోతోందో, నెలసరిలో రోజుకెన్ని ప్యాడ్లు మారుస్తోందో అడగడం మర్యాదస్తుల ఇళ్ళలో ఉందా?

ఆయనా నీరసమే అంటారు. రాత్రంతా గురక, మధ్యలో పది సెకన్లు ఊపిరి ఆగి ఉలిక్కిపడటం. దాన్ని గాఢనిద్ర అందాం. ఏళ్ళ తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ మింగుతున్నా, అది తగ్గించగల బీ12 విటమిన్ ఎంతుందో చూపించకపోవడం ఆయన ఇష్టం.

ఇల్లాలి సంగతే ముఖ్యం. ఆమె గాదె నిండిందనుకోండి, మాత్రకు గంట ఎడం ఇచ్చి, సాయంత్రం నాలుగింటికి తనూ వచ్చి సోఫాలో కూర్చుంటుంది. అప్పుడు టీ పెట్టేదెవరు?