ఇక్కడ ఒకప్పుడు ఉండేది

లేని వస్తువును చూపించి డబ్బు తీసుకుంటే మన దగ్గర నేరం, నెదర్లాండ్స్‌లో పర్యాటకం. రెండింటికీ తేడా ఒక గొడుగు. ఆ గొడుగు ఎత్తి పట్టుకున్న మనిషి వెనుక రెండున్నర గంటలు నడిచాక, పూర్తి బాధ్యతతో ఈ మాట రాస్తున్నాను.

ఊరు డెల్ఫ్ట్. మా అమ్మాయి అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో నీళ్లను అదుపులో పెట్టే చదువు చదువుతోంది. "నాన్నా, ఊరంతా నడిపిస్తూ చరిత్ర చెబుతారు, ఉచితం" అంటూ నా పేరు నమోదు చేసింది. ఉచితం అన్న మాట విన్నాక ఇంట్లో కూర్చోగలిగిన తెలుగువాణ్ణి నేనింతవరకు చూడలేదు. అయితే అక్కడి ఉచితం వేరు. మొదట ఎవరూ ఏమీ అడగరు, చివర్లో మీకు తోచింది ఇవ్వమంటారు. పురోహితుడు చెప్పే యథాశక్తి అన్నమాట. ధరలన్నిటిలోకీ ఖరీదైన ధర అదేనని ఇంట్లో శుభకార్యం చేసిన ప్రతి గృహస్థుకూ తెలుసు.

ఉదయం పది గంటలకు మార్కెట్ చౌకులో పదిహేడు మందిమి పోగయ్యాం. గైడు ఆరడుగుల పైమాట. వెనక్కి నడుస్తూ మాట్లాడతాడు. సైకిళ్లు అతన్ని తప్పించుకుని వెళతాయి, మమ్మల్ని తప్పించుకోవు. చౌకుకు ఒక కొసన నగర మందిరం, మరో కొసన కొత్త చర్చి. కొత్త చర్చిని కట్టడం మొదలుపెట్టింది 14వ శతాబ్దంలో. మన కొత్త బస్టాండు నలభై ఏళ్లుగా కొత్తదే అయినప్పుడు, దీన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. డచ్ రాజవంశీకులను ఆ చర్చి నేలమాళిగలోనే ఖననం చేస్తారట. చూద్దామంటే జనాన్ని రానివ్వరు. గోపురం ఎక్కవచ్చు, 376 మెట్లు. మోకాళ్ల వైపు చూసుకుని, ఆకాశం వైపు చూసి, ముందుకు కదిలాం.

ఆ ఊరి ముద్దుబిడ్డ చిత్రకారుడు వెర్మీర్. 1632లో అక్కడే పుట్టాడు, 1675లో అక్కడే పోయాడు. గైడు మమ్మల్ని చౌకులో ఒక సందు మొగ దగ్గర నిలబెట్టి, గొంతు తగ్గించి, "వెర్మీర్ పెరిగిన సత్రం ఇక్కడ ఒకప్పుడు ఉండేది" అన్నాడు. 1885లో పడగొట్టారట. పదిహేడు ఫోన్లు ఒక్కసారిగా పైకి లేచి ఆ సందును ఫోటో తీశాయి. తర్వాత ఆయన కాపురం చేసిన చోటికి వెళ్లాం. ఇల్లు లేదు, చర్చి ఉంది. మళ్లీ ఫోన్లు లేచాయి. సమాధి ఉందా అంటే, పాత చర్చిలో ఆయన పేరు చెక్కిన రాయి ఉంది. అది చాలా కాలం తర్వాత వేసినది. పోనీ, ఆయన వేసిన బొమ్మలు? ఈ ఊళ్లో అసలుది ఒక్కటీ లేదు. డెల్ఫ్ట్ ఊరిని ఆయన గీసిన ప్రఖ్యాత దృశ్యం కూడా డెల్ఫ్ట్‌లో లేదు. దానికి రైలెక్కి హేగ్ వెళ్లాలి. ఇక్కడ ఉన్నది వెర్మీర్ కేంద్రం. అందులో ఆయనవిగా చెప్పే 37 చిత్రాలకూ అసలు కొలతల్లో తీసిన నకళ్లు ఉంటాయి. దానికి టికెట్టు.

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు చూసినవాణ్ణి. కాగితం మీద కళకళలాడుతూ నేల మీద కనిపించని చెరువులు నాకు కొత్త కాదు. కానీ ఆ చెరువు గట్టు మీద జనాన్ని నిలబెట్టి, నీటి గలగలలు వినిపించి, యథాశక్తి వసూలు చేయవచ్చన్న ఆలోచన మా కార్యాలయంలో ఒక్కడికీ రాలేదు. అదీ మన వెనుకబాటుతనం.

వెర్మీర్ పోయేనాటికి ఇంట్లో పదకొండు మంది పిల్లలు, రొట్టెల దుకాణంలో ఆరువందల గిల్డర్లకు పైగా బాకీ. భార్య కాతరీనా ఆ బాకీ కింద రెండు చిత్రాలు దుకాణదారుకు ఇచ్చింది. ఈ కథ చెప్పేటప్పుడు మాత్రం గైడు నాటకీయత మానేశాడు. బహుశా అతనికీ ఎక్కడో ఖాతా ఉండి ఉంటుంది. పిండి చేతులు తుడుచుకుంటూ ఆ రొట్టెల వ్యాపారి రెండు వెర్మీర్ చిత్రాలను ఇంటికి మోసుకుపోవడం ఊహించుకున్నాను. ఇవాళ ఆ రెండింటితో ఆ వీధిని, ఆ వీధిలోని రొట్టెలన్నిటినీ కొనవచ్చు. మా వీధి పచారీ కొట్టాయన ఇలాంటి హామీ ఒప్పుకోడు. బొమ్మ ఎంత బాగున్నా, ముందు పాత బాకీ సంగతి చూడమంటాడు.

వెర్మీర్ ఆస్తి వ్యవహారాలు చూడమని 1676లో నగరం నియమించిన పెద్దమనిషి లీవెన్‌హుక్. మన ఎనిమిదో తరగతి పుస్తకంలో సూక్ష్మదర్శిని పక్కన ఉండే ఆయనే. వృత్తికి బట్టల వ్యాపారి. మిరియాలు ఎందుకు కారంగా ఉంటాయో తెలుసుకోవాలని వాటిని నీళ్లలో నానబెట్టి, ఆ నీటి చుక్కను తన కటకం కింద పెట్టి చూశాడు. ఘాటుకు కారణమైన ముళ్లేవో కనిపిస్తాయనుకుంటే బాక్టీరియా కనిపించింది. మిరియపు చారు కాచుకుని తాగే జాతికి ఇలాంటి సందేహం రాదు. అందుకే బాక్టీరియాను మనం కనిపెట్టలేకపోయాం.

అక్కడి నుంచి ప్రిన్సెన్‌హోఫ్. డచ్ వారి జాతిపిత, ఆరెంజ్ విలియం, 1584 జులై 10న తుపాకీ గుండ్లకు బలైన భవనం. గుండ్లు గోడకు తగిలి పడిన రంధ్రాలను అద్దం బిగించి కాపాడుతున్నారట. రంధ్రం అంటేనే లేనిది. లేనిదానికి అద్దం బిగించిన జాతికి మనసులోనే నమస్కారం చేసుకున్నాను. తీరా చూస్తే భవనం మరమ్మతుల కోసం మూసి ఉంది. మూసిన తలుపు బయట నిలబడి, లోపల కనిపించని గోడలోని లేని భాగం గురించి పదిహేను నిమిషాలు విన్నాం. అద్వైతం చదివినవాణ్ణి కాబట్టి నాకు పెద్ద ఇబ్బంది కలగలేదు. పక్కనున్న జర్మన్ దంపతులు కొంచెం నలిగారు.

ఉన్నది ఉన్నట్టుగా చూపించింది ఒక్కటే, పాత చర్చి గోపురం. 75 మీటర్ల ఎత్తు. కాలువను పక్కకు జరిపి, పూడ్చిన నేల మీద కట్టారు. కడుతుండగానే ఒరగడం మొదలుపెట్టి, రెండు మీటర్ల దాకా ఒరిగింది. అంటే ఉన్న ఆ ఒక్కటీ నిటారుగా లేదు. అందులో తొమ్మిది టన్నులకు దగ్గరగా తూగే గంట ఉంది. అదిరిపోతుందన్న భయంతో దాన్ని రాజకుటుంబ అంత్యక్రియల వంటి సందర్భాల్లో తప్ప మోగించరు. మోగని గంట కింద నిలబడి మౌనంగా చెవులు రిక్కించాం. ఒకావిడ, "అద్భుతం" అంది.

తర్వాత గుర్రాల సంత. గుర్రాలు లేవు, సంత లేదు. అక్కడ గైడు గొడుగు దించాడు. 1654 అక్టోబరు 12 ఉదయం ఆ పరిసరాల్లో దాచిన తుపాకీ మందు పేలి, ఊళ్లో ఒక భాగం నేలమట్టమైంది. వందమందికి పైగా పోయారు. వారిలో చిత్రకారుడు కారెల్ ఫాబ్రిషియస్ ఒకడు, అప్పటికి 32 ఏళ్లు. కూలిన చోట మళ్లీ ఇళ్లు కట్టకుండా సంతకు వదిలేశారు. ఇప్పుడు చెట్లు, ఆగిన కార్లు, గాలి. గైడు రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. ఆ రెండు నిమిషాలకు ఏమైనా ఇవ్వాలనిపించింది.

ఆఖరి మజిలీ పాత డెల్ఫ్ట్ కాలువ గట్టున డచ్ ఈస్టిండియా కంపెనీ ఇల్లు. ఇప్పుడు అందులో విద్యార్థులు అద్దెకుంటారు. ఒక కిటికీలో రెండు మేజోళ్లు ఆరుతున్నాయి. 1602లో పుట్టిన ఆ కంపెనీకి ఆరు శాఖలుండేవని, డెల్ఫ్ట్ వాటిలో ఒకటని గైడు చెప్పాడు. "వాళ్లు ఆసియా నుంచి సుగంధ ద్రవ్యాలు, పింగాణీ, బట్టలు తెచ్చేవారు" అని ఒక్క ఊపిరిలో ముగించి గడియారం చూసుకున్నాడు. వెర్మీర్ రొట్టెల బాకీకి పావుగంట, ఆసియాకు ఒక వాక్యం. నేను చెయ్యెత్తాను.

"బట్టలు ఏ ఊరి నుంచి?"

"ఇండియా నుంచి."

"మచిలీపట్నం నుంచి. మాది ఆ ఊరే."

అతను సంతోషించాడు, మర్యాదస్తుడు. ఊరి పేరు పలకబోయి "మచిలీ" దగ్గర రెండుసార్లు జారిపడ్డాడు. వాళ్ల "గ" అక్షరం దగ్గర నా గొంతు బొంగురుపోయినట్టే. మాది మచిలీపట్నంలో వలందపాలెం అని, వలందా అంటే హాలండేనని, కంపెనీ వాళ్లు 1605లోనే మా తీరానికి వచ్చి కొట్టు పెట్టారని చెప్పాను. ఆగ్నేయ ద్వీపాల్లో జాజికాయ, లవంగం కొనాలంటే అక్కడివాళ్లు కోరుకున్నది మా తీరపు నేత బట్టలనని కూడా చెప్పాను. మా అద్దకం బట్టకు డచ్ వాళ్లు సిట్స్ అని పేరు పెట్టుకుని ఒంటికి చుట్టుకున్నారు. ఇప్పుడవి ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉన్నాయి. జర్మన్ దంపతులు నా వైపు తిరిగారు. ఒకాయన ఫోను పైకెత్తాడు. నేను కూడా ఒక మజిలీనైపోతున్నానని గ్రహించి ఆగిపోయాను.

సమూహం చెదిరేముందు గైడు టోపీ తీశాడు. రూపాయల్లోకి మార్చుకోవద్దని అమ్మాయి ముందే హెచ్చరించింది. మార్చుకున్నాను. పది యూరోలు వేసి, తిరుగు ప్రయాణంలో ఆ పది యూరోలు రాబట్టే ఉపాయం ఆలోచించాను.

ప్రభుత్వం వారికి, పెట్టుబడిదారులకు మనవి. లేనివాటి విషయంలో డెల్ఫ్ట్ మా బందరు కాలిగోటికి సరిపోదు. ఊరి పేరే చూడండి, బందరు అంటే రేవు. ఆ రేవు ఒకప్పుడు ఉండేది, మళ్లీ వస్తుందని పనులు జరుగుతున్నాయి. ఉండేది, వస్తుంది అని ఒకే వేలితో చూపించగల వసతి డెల్ఫ్ట్‌కు ఎక్కడిది? వలందపాలెంలో వలందావాళ్లు లేరు, ఇంగ్లీషుపాలెంలో ఇంగ్లీషువాళ్లు లేరు, పరాసుపేటలో ఫ్రెంచివాళ్లు లేరు. మూడు దేశాలు లేని ఊరు ఐరోపాలో ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఆంధ్రా బ్యాంకు 1923లో మా ఊళ్లోనే పుట్టింది. 2020లో మరో బ్యాంకులో కలిసిపోయింది, కాబట్టి అదీ అర్హమే. చిక్కల్లా డచ్ వాళ్ల సమాధులతోనే. కుటుంబ చిహ్నాలు చెక్కిన పలకలతో అవి ఇంకా అక్కడే ఉన్నాయి. గడ్డి పక్కకు తొలగిస్తే అక్షరాలు కనిపిస్తాయి. ఉన్నవాటిని ఎలా చూపించాలో డెల్ఫ్ట్‌లో నేర్పలేదు.

ఉప్పెనను కూడా ఈ జాబితాలో చేర్చబోయి ఆగాను. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊళ్లోకి వచ్చి ముప్పై వేల మందిని తీసుకుపోయింది. ఆ కథ మా నాయనమ్మ నాకు చెప్పింది. నీళ్లను అదుపులో పెట్టే చదువు చదువుతున్న మా అమ్మాయికి నేను చెప్పలేదు. దానికి టోపీ పట్టాలన్నా, గొడుగు దించి రెండు నిమిషాలు ఊరుకోవడం తెలిసిన మనిషి కావాలి.

తిరిగొచ్చిన మూడో రోజున నల్ల గొడుగు పట్టుకుని వలందపాలెం వెళ్లాను. ముందు ఒక్కరి మీదైనా ప్రయోగించి చూద్దామని టీ కొట్టు దగ్గర ఆగాను. కొట్టాయన గ్లాసులు కడుగుతున్నాడు. గొంతు తగ్గించి, వీధి వైపు గొడుగు చూపిస్తూ, "ఇక్కడ ఒకప్పుడు డచ్ వాళ్లు ఉండేవారు" అన్నాను.

ఆయన తల ఎత్తి గొడుగు చూపించిన వైపు చూశాడు.

"అలాగా అండీ! ఎప్పుడు ఖాళీ చేశారు? అద్దె ఎంత చెబుతున్నారు?"