కంప్యూటర్ బయటికి పంపేదానికి లెక్క ఎవరు చెబుతారు?

డీటీపీ సెంటర్లలో, ఫొటో స్టూడియోల్లో పనిచేసేవారిని కదిపి చూడండి. విండోస్ ఫైర్‌వాల్‌లో ‘అవుట్‌బౌండ్ రూల్’ పెట్టడం, అంటే ఒక ప్రోగ్రామ్ నెట్‌లోకి వెళ్లకుండా ఆపడం, వాళ్లలో చాలామందికి వచ్చు. క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా నడిచేలా మార్చిన సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి తన గుట్టు కంపెనీ సర్వర్‌కు చెప్పేయకూడదని నేర్చుకున్న విద్య అది. ప్రోగ్రామ్ ఫైలు ఎంచుకుని బ్లాక్ కొడితే సరి. మరి ఎవరు తయారుచేశారో తెలియని ఆ క్రాక్ ఫైలు మన కంప్యూటర్‌లోంచి ఎవరికి ఏం పంపుతోంది? ఆ సంగతి మాత్రం ఎవరూ చూడరు.

ఇందులో వాళ్ల తప్పు సగమే. ఫైర్‌వాల్ అంటే బయటివాళ్లను లోపలికి రానివ్వనిది అనే మనకు అలవాటు చేశారు. 2004లో విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో ఫైర్‌వాల్ ముందే ఆన్ అయి వచ్చింది కానీ, అది లోపలికి వచ్చేవాటినే ఆపేది. బయటికి వెళ్లేవాటిని ఆపే వీలు 2007 నాటి విస్టాతో వచ్చింది. వచ్చినా, మనం ప్రత్యేకంగా వద్దనేదాకా అన్నిటికీ అనుమతే. ఇవాళ్టి విండోస్ 11లోనూ అంతే. అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ పేజీ తెరిస్తే, ఏ రూల్‌కూ సరిపోలని అవుట్‌బౌండ్ కనెక్షన్లను అనుమతిస్తామని అక్కడే రాసి ఉంటుంది. మ్యాక్‌తో వచ్చే ఫైర్‌వాల్‌కు ఆ మాత్రం వెసులుబాటు కూడా లేదు. అది వచ్చేవాటినే చూస్తుంది.

ఈ లోటు బయటివాళ్లే తీర్చారు. ఒకప్పుడు విండోస్‌కు జోన్‌అలార్మ్, మ్యాక్‌కు ఆస్ట్రియా కంపెనీ తెచ్చిన లిటిల్ స్నిచ్, ఉచితంగా దొరికే లులు, లైనక్స్‌కు ఓపెన్‌స్నిచ్. ఏ ప్రోగ్రామ్ ఏ సర్వర్‌తో మాట్లాడబోతోందో చూపించి, పంపమంటారా వద్దా అని అడగడమే వీటి పని.

వీటి అవసరం ఏమిటో 2020 నవంబర్ 12న తెలిసొచ్చింది. ఆపిల్ మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ బిగ్ సర్‌ను విడుదల చేసిన రోజది. కొత్త వెర్షన్ జోలికి పోనివాళ్ల మ్యాక్‌లలో కూడా మామూలు యాప్‌లు తెరుచుకోవడానికి నిమిషాలు పట్టింది. యాప్ తెరిచినప్పుడు దాన్ని తయారుచేసినవాళ్లకు ఆపిల్ ఇచ్చిన డెవలపర్ సర్టిఫికెట్ ఇంకా చెల్లుతోందా అని మ్యాక్ ఆపిల్ సర్వర్‌ను అడుగుతుంది. ఆ రోజు ఆ సర్వర్ మొరాయించింది. నెట్ పూర్తిగా తీసేసినవాళ్లకు యాప్‌లు టక్కున తెరుచుకున్నాయి. లిటిల్ స్నిచ్‌లో ఆ కనెక్షన్‌ను ఆపేసినవాళ్లకూ అంతే. పైగా ఆ విచారణ ఎన్‌క్రిప్షన్ లేకుండానే సాగుతోందని, దారిలో ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చని జనానికి తెలిసింది. గొడవ ముదిరాక ఆపిల్ దిగొచ్చింది. ఐపీ చిరునామాలు నమోదు చేయడం ఆపేస్తామనీ, ఎన్‌క్రిప్షన్ పెడతామనీ మాట ఇచ్చింది.

అసలు విడ్డూరం ఇంకొకటి. అదే బిగ్ సర్‌లో ఆపిల్ సొంత యాప్‌లు, సర్వీసులు యాభైకి పైగా ఈ ఫైర్‌వాల్‌ల కంటికే ఆనకుండా ఒక మినహాయింపు జాబితా ఉంది. లులు రాసిన ప్యాట్రిక్ వార్డిల్, మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) కూడా అదే దొడ్డిదారిన డేటా పంపగలదని చేసి చూపించాడు. తర్వాత 11.2 వెర్షన్‌లో ఆ జాబితాను తీసేశారు. ఆపిల్‌కు దురుద్దేశం ఉందని నేను అనను. కానీ ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసినవాడే ‘నా యాప్‌లను లెక్కలో చూపను’ అంటే ఇక లెక్కకు అర్థమేముంది? మైక్రోసాఫ్ట్‌దీ ఇంచుమించు ఇదే ధోరణి. అదే 2020లో, విండోస్ వాడకం వివరాలు సేకరించే తన టెలిమెట్రీ సర్వర్లను హోస్ట్స్ ఫైల్‌లో (ఏ చిరునామా ఎటు పోవాలో రాసుకునే విండోస్ ఫైలు) ఆపుకున్నవాళ్లకు, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఆ మార్పును ‘ముప్పు’ కింద చూపించడం మొదలుపెట్టింది.

అలాగని ఈ సాఫ్ట్‌వేర్లు పెట్టుకుంటే నిశ్చింత అని కూడా చెప్పను. కొత్తగా పెట్టుకున్నవాళ్లకు మొదటి రోజే టెన్షన్. నిమిషానికో పాపప్. విండోస్‌లో ‘ఎస్‌వీసీహోస్ట్’ అనే ఒక్క పేరు కిందే అప్‌డేట్‌లు, టైమ్ సింక్, ఇంకా బోలెడు సర్వీసులు నడుస్తాయి. దాన్ని ఆపమంటారా అని అడిగితే మామూలు మనిషి ఏం చెబుతాడు? నాలుగు రోజులు చూసి, అన్నిటికీ ‘అలో’ కొట్టి ఊరుకుంటాడు. ప్రశ్న అడిగి బాధ్యత వినియోగదారుడి నెత్తిన పెట్టడం కాపలా అనిపించుకోదు.

అన్నీ ఆపేయడమూ ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వనాక్రై వైరస్ ప్రపంచాన్ని వణికించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ వైరస్ ముందుగా ఒక వింత వెబ్ చిరునామాను పలకరించేది. జవాబు వస్తే ఆగిపోయేది, రాకపోతే ఫైళ్లకు తాళం వేసేది. ఎవరి పేరునా లేని ఆ చిరునామాను ఒక పరిశోధకుడు తన పేరున రిజిస్టర్ చేయడంతోనే వ్యాప్తికి అడ్డుకట్ట పడింది. అప్పుడు ఆ చిరునామాకు దారి మూసి ఉంచిన ఆఫీసుల్లో కాపలాయే కొంప ముంచి ఉండేది.

అందుకే ఆపడం కన్నా చూడటం ముఖ్యమని నా వాదన. ఏ ప్రోగ్రామ్, ఎప్పుడు, ఏ సర్వర్‌కు, ఎంత డేటా పంపిందో చెప్పే చిట్టా ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌లో మామూలు భాషలో ఉండాలి. తయారీదారు సొంత యాప్‌లు కూడా అందులోకి రావాలి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ మన దేశంలోని సంస్థలన్నీ తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను (ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలు) 180 రోజులు దాచాలని ఆదేశించింది. సంస్థలకు ఆరు నెలల లెక్క తప్పనిసరి అయినప్పుడు, ఇంట్లో కంప్యూటర్ కొనుక్కున్నవాడికి కనీసం ఇవాళ్టి లెక్క కనపడకపోవడం ఏం న్యాయం?

అది వచ్చేదాకా ఉన్నదాంతో సర్దుకోవాలి. విండోస్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లోకి వెళ్లండి. బ్రౌజర్ మూసేసి కాసేపు గమనించండి. వన్‌డ్రైవ్, యాంటీవైరస్, ఎప్పుడో కొన్న ప్రింటర్ తాలూకు సాఫ్ట్‌వేర్ లాంటివి కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. తెలియని పేరు కనిపిస్తే టాస్క్ మేనేజర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి ఫైలు ఎక్కడుందో చూడండి. తాత్కాలిక ఫైళ్లు ఉండే టెంప్ ఫోల్డర్‌లోంచి నడుస్తూ పదేపదే బయటికి కనెక్ట్ అవుతుంటే, ముందు నెట్ తీసేసి, ఆ తర్వాత స్కాన్ చేయించండి. క్రాక్ ఫైళ్లు వేసిన కంప్యూటర్లలోనైతే వెతకడం అక్కడినుంచే మొదలుపెట్టాలి.