ఒంటిచేత్తో కట్టిన ఊరు

ఊళ్లెలా పుడతాయో మన ప్రేరణ వ్యాసకర్తల పుణ్యమా అని అందరికీ తెలిసిపోయింది. రష్యా నుంచి ఓ కుర్రాడు చిల్లిగవ్వ లేకుండా అమెరికాలోని కాన్సస్ ప్రెయిరీలో, అంటే గడ్డి మైదానంలో, దిగుతాడు. నడుమెత్తు గడ్డిని చూసి తొడగొడతాడు. సాయంత్రానికి పిండిమిల్లు, మర్నాటికి చర్చి, ఎల్లుండికి ఊరు. కుర్రాడు బెర్న్‌హార్డ్ వార్కెంటిన్, ఊరు హాల్‌స్టెడ్. "ఒంటిచేత్తో కట్టాడు" అన్న ముక్క లేకపోతే ఆ వ్యాసానికి ముద్ద దిగదు.

ఆ చేయి సంగతి చూద్దాం. 1872లో వచ్చిన ఈ నిరుపేద రష్యాలోని మొలొచ్నాలో మెనోనైట్ (యుద్ధం కూడదనే క్రైస్తవ శాఖ) కాలనీలో మిల్లు యజమాని కొడుకు. శాంటా ఫే రైలు 1871లోనే పక్కనున్న న్యూటన్ దాకా వచ్చేసింది. 1873లో ప్లాట్లు గీసింది టౌన్ కంపెనీ. ఊరికి పెట్టుకున్న పేరు సిన్సినాటి పత్రికా సంపాదకుడు మ్యూరట్ హాల్‌స్టెడ్‌ది. లిటిల్ అర్కాన్సస్ నది మీద 1873–74లో లేచిన మిల్లు మాత్రం వార్కెంటిన్‌దే. కాదనం.

అన్నిటికీ మించింది గింజల ఘట్టం. 1874లో మెనోనైట్లు రష్యా నుంచి కాన్సస్‌కు వలస వచ్చేముందు ఎనిమిదేళ్ల పాప 'టర్కీ రెడ్' అనే రకం గోధుమల్లో మేలైనవి ఒక్కొక్కటే ఏరిందట, రెండున్నర లక్షల గింజలు! అందులోంచే కాన్సస్ అంతా పండిందట. గింజకు ఐదు సెకన్లు వేసుకున్నా 347 గంటలు. రోజుకు ఎనిమిది గంటల కూలీ చొప్పున 43 రోజులు. ఎనిమిదేళ్ల పిల్లతో! దీన్ని మన వ్యాసకర్త 'కుటుంబ విలువలు' అంటాడు. సరే, ఏరింది. వెయ్యి గింజలు 30 గ్రాములు తూగితే మొత్తం ఏడున్నర కిలోలు. ఎకరానికి ఒక బుషెల్, అంటే 27 కిలోలు చల్లితే సరిగ్గా 28 సెంట్లకు సరిపోతుంది. పెరటికి ఎక్కువ, పొలానికి తక్కువ. పక్షులు తినకపోతే సుమా. తర్వాత వార్కెంటిన్ రష్యా నుంచి విత్తనం భారీగా ఎందుకు తెప్పించాల్సి వచ్చిందో ఆ పాపనే అడగాలి.

పండాక మిల్లులో మొదలయ్యేది అసలు తమాషా. అది గట్టి గోధుమ. తిరగలి రాళ్లను దగ్గరగా బిగిస్తే పొట్టు తునాతునకలై పిండిలో కలిసి రంగు చెడగొడుతుంది, రాళ్లు వేడెక్కి పిండి కమురు వాసనేస్తుంది. వదులు చేస్తే రవ్వ మిగిలిపోతుంది. అందుకే గింజకు ముందు నీళ్లు పట్టించాలి. 12 శాతం తేమ ఉన్న వంద కిలోలను 16కు తేవాలంటే 4.8 లీటర్లు చల్లి, దాదాపు ఒక రోజు నాననివ్వాలి. అప్పుడు పొట్టు సాగి రేకులుగా ఊడుతుంది, లోపలిది మెత్తబడుతుంది. ఉక్కు రోలర్లు వచ్చాక గానీ ఈ గోధుమకు మిల్లుల్లో పూర్తి మర్యాద దక్కలేదు. అందాకా రాయి అరిగినప్పుడల్లా పైరాయిని లేపి, తిరగేసి, గాడులు మళ్లీ చెక్కాల్సిందే. మన వీధుల్లో "రోళ్లకు, తిరగళ్లకు కక్కు కొడతాం" అని అరుస్తూ తిరిగిన మనిషి పనే అది. అతణ్ని ఇక్కడా ఎవరూ స్థాపకుడనలేదు, అక్కడా అనలేదు.

ఇవన్నీ నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ "ఎవరూ లేని ఖాళీ నేల" అని రాసినచోట మాత్రం నవ్వు రాదు. ఖాళీగా ఉందా, ఖాళీ చేశారా? హాల్‌స్టెడ్‌లో ప్లాట్లు గీసిన ఆ 1873లోనే కాన్సస్‌లోనే కౌన్సిల్ గ్రోవ్ దగ్గర మిగిలిన కా అనే ఆదివాసీ జాతిని, ముసలీ ముతకా పిల్లా జెల్లాతో సహా, దక్షిణాన ఇండియన్ టెరిటరీకి (ఇప్పటి ఓక్లహోమాకు) తరిమేశారు. కాన్సస్ అన్న పేరే వాళ్లది. పేరు ఉంచుకుని మనుషుల్ని పంపేశారు. ఏ సిగ్గూ లేకుండా దాన్ని 'కన్నె నేల' అని తెలుగులోకి దించుకుని చప్పట్లు కొడుతున్నాం.

వ్యాసంలో చోటు చాలలేదంటారేమో. 'ఒంటిచేత్తో' కొట్టేస్తే నాలుగక్షరాల జాగా మిగులుతుంది. 'కా' అని రాయడానికి ఒక్కటి చాలు.